సంఘపెద్ద గారి భార్య అభిప్రాయం

"టీ ఇంకా రాలేదేం?"

వంటింటి పరదా ఒక పక్కకి తప్పించి ఆయన అడిగాడు. అంతకు క్షణం ముందు అదే గొంతుతో హాల్లో, "అసలు మనం ఈ భూమ్మీదికి ఎందుకు వచ్చాం?" అని అడిగి వచ్చాడు. ఆ ప్రశ్నకి హాల్లో కూర్చున్నవాళ్లు తలా ఒక జవాబు చెబుతున్నారు. ఈ ప్రశ్నకి జవాబు చెప్పాల్సిన మనిషి మాత్రం ఒక్కతే.

"పాలు పొంగు రానీయండి" అంది ఆమె.

ఆమెని ల్యాబులో అందరూ సూదక్క అంటారు. రక్తం తీస్తారని చెయ్యి వెనక్కి దాచుకుని ఏడ్చిన ఓ చిన్నపిల్ల, సూది ఎప్పుడు దిగిందో తెలియకుండానే పని అయిపోవడం చూసి, "ఈ సూదక్క మంచిది" అని వాళ్లమ్మతో చెప్పింది. ఆ పేరు అలా అతుక్కుపోయింది. ఆమెకీ అదే ఇష్టం. మిగతా చోట్ల ఆమె సంఘపెద్ద గారి భార్య, పెద్దావిడ కోడలు, హాస్టల్లో చదువుకుంటున్న అమ్మాయికి తల్లి. అన్నీ ఇంకొకరిని పట్టుకుని వేలాడే పేర్లే. సూదక్క ఒక్కటే తన చేతులతో తాను సంపాదించుకున్నది.

వాళ్లాయన బ్యాంకులో ఆఫీసరు, చర్చిలో సంఘపెద్ద. కొన్ని నెలలుగా ప్రతి శనివారం సాయంత్రం వాళ్ల హాల్లో ఒక పుస్తకం మీద చర్చ నడుస్తోంది. పుస్తకం పేరు 'ఊరికే పుట్టలేదు'. ప్రతి మనిషినీ దేవుడు ఒక పని మీద పంపాడనీ, ఆ పనేదో తెలుసుకోవడమే జీవితమనీ అందులో ఉంటుంది. వెనక అట్ట మీద రచయిత చెరువు గట్టున కూర్చుని నవ్వుతుంటాడు. పుస్తకం గురించి సూదక్కకి తెలిసిందల్లా పరదా ఇవతలికి వినబడినంతే. కప్పులు కడిగేటప్పుడు కుళాయి కట్టేస్తే కాస్త ఎక్కువ వినబడేది.

"నా సర్వీసు మొత్తంలో ఇలాంటి పుస్తకం చూళ్లేదు. బళ్లో పాఠంగా పెట్టాలి దీన్ని" అంటున్నాడు రిటైరైన హెడ్మాస్టారు.

"ఏమనుకోకండి మాస్టారూ. మొదటి అధ్యాయంలో చెప్పిందే చివరిదాకా సాగదీశాడు. పది పేజీల సరుకు" అన్నాడు ఇంజనీరు.

"జ్వరం వచ్చినవాడికి తేనె కూడా చేదేనయ్యా."

వాళ్లిద్దరూ వాదించుకుంటుండగా టైలరమ్మ గొంతు లేచింది. ఆమె వీధి చివర మిషను పెట్టుకుని బట్టలు కుట్టే మనిషి. "సగం పుస్తకం నాకు ప్రాణం అన్నయ్యా. ఆ కష్టాల అధ్యాయం మాత్రం నా వల్ల కాదు. ప్రతి కష్టమూ ఏదో నేర్పడానికే వస్తుందంట. మా ఆయన్ని లారీ గుద్దింది నాకు ఓర్పు నేర్పడానికా? నాకు ఓర్పు ముందునుంచీ ఉంది. కావాలంటే పైకెళ్లాక ఆయన్నే అడగమనండి."

ఎవరో నవ్వారు. సూదక్క కూడా నవ్వింది, టీ వడగడుతూ. "అమ్మా, మీరు దాన్ని అపార్థం చేసుకున్నారు" అని ఆయన మెత్తగా మొదలుపెట్టాడు. ఆ చర్చలో ఎవరి అభిప్రాయమైనా చెప్పొచ్చు. చెప్పాక ఆయన దాన్ని దిద్దుతాడు. దిద్ది దిద్ది చివరికి అది ఆయన అభిప్రాయం అయ్యేదాకా ఊరుకోడు.

ట్రే పట్టుకుని లోపలికి వెళ్తే అందరూ కాళ్లు దగ్గరికి తీసుకుని దారిచ్చారు. ఒక్కరు కూడా "నువ్వేమంటావమ్మా?" అనలేదు. తనకి చెప్పడానికి లేకనా? రోజూ పొద్దున్నే మొదటి గంట ఏ పనీ పెట్టుకోకుండా మౌనంగా ఒంటరిగా కూర్చోమని రచయిత చెప్పాడట. ఆ గంటసేపూ ఆయన ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగించారో ఆ అధ్యాయంలో ఉందో లేదో ఆమెకి తెలియదు గానీ, తన ఇంట్లో ఎవరు వెలిగిస్తున్నారో తెలుసు. మొత్తం పుస్తకంలో వాళ్లాయన తు.చ. తప్పకుండా పాటిస్తున్నది ఆ ఒక్క అధ్యాయమే. బాల్కనీలో కుర్చీ వేసుకుని కళ్లు మూసుకుంటాడు. ఆ గంటలోనే వంట, అత్తగారి మాత్రలు, ఆవిడకి వేన్నీళ్లు, రెండు డబ్బాలు సర్దడం, ఆయన చొక్కా ఇస్త్రీ, తను స్నానం చేసి బస్సు అందుకోవడం. గిన్నె చేయి జారి చప్పుడైతే బాల్కనీలో ఒక కన్ను తెరుచుకుంటుంది. ఆ కన్ను ఏమీ అనదు. అనకుండానే అన్నీ అంటుంది.

ఇదంతా ఎవరికైనా చెబితే, "మీ ఆయన బంగారం కదమ్మా, నీకేం తక్కువ?" అంటారు. నిజమే, ఆయన చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యి ఎత్తడు, ముసలితల్లి కాళ్లు ఒత్తుతాడు. చెడ్డవాడితో అయితే పోట్లాడొచ్చు. మంచివాడితో పోట్లాడే ఆడదాన్ని లోకం ఏమంటుందో ఆమెకి బాగా తెలుసు. అందుకే చాలా మాటలు గొంతు దాకా వచ్చి, మింగలేక కక్కలేక, అక్కడే ఉండిపోయేవి.

ఈ మధ్య అలా ఉండిపోయిన మాట ఒకటి పెద్దది. ల్యాబు యజమాని అయిన డాక్టరు గారు బస్టాండు అవతల కొత్త సెంటర్ తెరుస్తున్నాడు. "ఇన్‌చార్జిగా మీరైతేనే నాకు నిశ్చింత. పరగడుపు పరీక్షలకి జనం తెల్లారేసరికే వస్తారు, అదొక్కటే ఇబ్బంది. నెలాఖరు లోపు చెప్పండి" అన్నాడు. ఇంటికొచ్చి చెబితే ఆయన సంతోషించాడు. నిజంగానే సంతోషించాడు. తర్వాత, "ప్రార్థన చేద్దాం" అన్నాడు. ఆ ఇంట్లో 'ప్రార్థన చేద్దాం' అంటే 'కుదరదు' అని అర్థం. ఆయన కారు మార్చినప్పుడు ఇంత ప్రార్థన జరగలేదు. ఆమె మళ్లీ అడిగింది. "దేవుడి చిత్తం తెలియనీయ్. తొందరెందుకు?" అన్నాడు. అత్తగారు మంచం మీద నుంచి, "తెల్లారుజామున నువ్వెళ్లిపోతే వాడికి టీ ఎవరిస్తారమ్మాయ్?" అంది. ఆవిడైనా నయం, దేవుణ్ని మధ్యలోకి లాగకుండా సంగతి చెప్పింది.

నెలాఖరు ఇంకా రాకముందే ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక చర్చి మెట్ల దగ్గర ఆడవాళ్లు ఆమె చుట్టూ మూగారు. ఒకావిడ చేతులు పట్టుకుంది. ఇంకొకావిడ కళ్లు తుడుచుకుంది. "ఎంత బాగా చెప్పావమ్మా! మా కోడలికి కూడా చదివి వినిపిస్తాను" అంది మూడో ఆవిడ. సూదక్కకి తలాతోకా అర్థం కాలేదు. ఎవరో ఆ నెల సంఘ పత్రిక చేతిలో పెట్టారు. మధ్య పేజీలో ''ఊరికే పుట్టలేదు' గురించి పాఠకుల అభిప్రాయాలు' అని ఉంది.

హెడ్మాస్టారుది అందరికంటే పైన, పొడుగ్గా. ఇంజనీరుది లేదు. టైలరమ్మది ఒకే ఒక్క ముక్క: 'ఈ పుస్తకం నాకు ప్రాణం.' సగం అన్న మాట ఎగిరిపోయింది. 'నా ముసలితనానికి ఈ పుస్తకమే చేతికర్ర' అని ఒక వృద్ధమాత. ఆ కింద గీతల గడిలో, ప్రత్యేకంగా, ఇలా ఉంది:

'ఉద్యోగంలో పెద్ద స్థానం కోసం ఎంతోకాలం ఆరాటపడ్డాను. ఈ పుస్తకం నా కళ్లు తెరిపించింది. ఆ స్థానం చేతికి అందివచ్చినా సంతోషంగా వదులుకున్నాను. ఇల్లే నా పిలుపు. నా భర్త సేవకి తోడుగా నిలవడమే నా పుట్టుకకి అర్థం.' కింద సంతకం చోట: 'ఒక సంఘపెద్ద గారి భార్య, రక్తపరీక్షల ల్యాబు ఉద్యోగిని.'

ఆమె దాన్ని రెండోసారి చదివింది. తనెవరో తెలియని ఒక ఆడమనిషి తన చీర కట్టుకుని వీధిలో తిరుగుతున్నట్టు అనిపించింది. పైగా ఆ మనిషినే అందరూ మెచ్చుకుంటున్నారు.

కారులో నోరు తెరిచింది. "ఏమండీ, ఇది ఎవరు రాశారు?"

"బాగుంది కదూ? పాస్టరు అయ్యగారు కూడా మెచ్చుకున్నారు. ఈ సంచికలో అన్నిటికంటే నీదే బాగుందన్నారు."

"నాది కాదుగా."

"నీ మనసులో ఉన్నదే రాశాను. నాకు తెలియదా నీ మనసు?"

"ఒక్కమాట నన్ను అడగొచ్చుగా?"

"అడిగితే ఆలోచిస్తానంటావు. నువ్వు ఆలోచించేదాకా పత్రిక ఆగుతుందా? అయినా పేరు వెయ్యలేదు. ఎందుకంత ఇదైపోతావు?"

వెనక సీట్లోంచి అత్తగారు కూడా అందుకుంది. "లోకం మెచ్చుకుంటుంటే ఏడుపుమొహం పెడతావేంటమ్మాయ్?"

ఆయన కారు మెల్లగా నడుపుతున్నాడు. గుంత వస్తే తల్లి నడుముకి కుదుపు తగలకుండా జాగ్రత్తగా పక్కకి తిప్పుతున్నాడు. ఇంత చూసుకుని నడిపే మనిషి నా మీదినుంచి ఎలా పోనిచ్చాడు, అనుకుంది ఆమె. అదే పైకి అని ఉంటే బాగుండేది. "సాయంత్రం కూరకి ఏమీ లేదు, దారిలో ఆపండి" అంది.

మర్నాడు ల్యాబులో మొదటి పేషెంటుకి రబ్బరుపట్టీ కట్టి నరం కోసం వేలితో తడుముతుండగా డాక్టరు గారు వచ్చాడు. "మా ఆవిడ మీ మాటలు చదివి వినిపించిందమ్మా. ఈ రోజుల్లో ఎవరంటారు అలా? సరే, నాకూ పని తేలికైంది. మన బట్టతలాయనకి ఇచ్చేశాను ఆ సెంటర్. పొద్దున్నే కాగితాలు కూడా వెళ్లిపోయాయి."

బట్టతలాయన పోయినేడాది చేరిన టెక్నీషియన్. పిల్లల నరాలు దొరక్కపోతే ఇప్పటికీ ఆమెనే పిలుస్తాడు.

"సార్, అది నేను రాయలేదు."

"మీరు రాయకపోతే?"

"మావారు రాశారు."

డాక్టరు గారు నవ్వాడు. "మీ ఆయన రాస్తే మీరు రాసినట్టేగా! సంఘపెద్ద గారు అబద్ధం రాస్తారా?" ఆమె మొహం చూసి కాస్త తగ్గాడు. "ముందే చెప్పాల్సిందమ్మా. ఇప్పుడు ఆయన్ని వద్దంటే బాగుండదు. మళ్లీ ఎప్పుడైనా చూద్దాం."

ఆ రోజు ఆమె సూది మొదటిసారిగా నరం తప్పింది. పేషెంటు "అబ్బా" అన్నాడు. "క్షమించండి" అని ఇంకో చెయ్యి చాపమంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు వాళ్లాయన ఆమె ఉద్యోగాన్ని దానం చేశాడు. ఆ దానం పుణ్యం కూడా ఆమె ఖాతాలోనే వేశాడు. దీన్ని దొంగతనం అనలేం. దొంగ ఎత్తుకుపోయినప్పుడు పోయిందని నలుగురికీ చెప్పుకుని ఏడవొచ్చు. ఇక్కడ పోగొట్టుకున్న మనిషి చుట్టూ చేరి చప్పట్లు కొడుతుంటే, ఏడుపు కూడా ఆనందబాష్పాల లెక్కలోకి వెళ్లిపోతుంది.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి సెంటర్ సంగతి చెప్పింది. ఆయన చదువుతున్న పేపరు దించాడు. "నేను... అది డాక్టరు దాకా వెళ్తుందనుకోలేదు" అన్నాడు. తర్వాత తేరుకుని, "చూశావా, దేవుడే తలుపు మూశాడు" అన్నాడు.

"దేవుడి చేతిలో మన ఇంటి పెన్ను ఎందుకుంది?" అంది. ఆయన అప్పటికే తల్లి గదిలోకి వెళ్తున్నాడు.

ఆ వారం ఆమె పుస్తకాన్ని సంచీలో వేసుకుంది. బస్సులో చదివింది, మధ్యాహ్నం స్టోరు గదిలో సిరంజీల డబ్బాల మీద కూర్చుని చదివింది. పుస్తకం చెత్తగా ఉండాలని గట్టిగా కోరుకుంటూ మొదలుపెట్టింది. తీరా చూస్తే అంత చెత్తగా లేదు. దాంతో కోపం ఇంకాస్త పెరిగింది. రచయిత మంచివాడే. ఒంటరితనం గురించి రాసినచోట ఆమె బస్సు దిగాల్సిన స్టాపు దాటిపోయింది. అరిటాకు మీద ముల్లు పడ్డా, ముల్లు మీద అరిటాకు పడ్డా చిరిగేది ఆకే అని తెలిసినవాడిలా ఒకచోట రాస్తాడు. ఇంకోచోట, ఆ ఆకులో వడ్డించినదంతా ఎక్కడినుంచి వచ్చిందో ఎప్పుడూ అడగనివాడిలా రాస్తాడు. సేవ చెయ్యండి అంటాడు. బతుకంతా సేవ చేస్తూనే ఉన్నవాళ్లకి ఏం చెప్పాలో ఆయనకి తోచలేదు. ఆడవాళ్ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా వాళ్లు ఎవరో ఒకరి పక్కన నిలబడి ఉంటారు. ఇంజనీరు అన్నట్టు సాగదీత కూడా ఉంది. హెడ్మాస్టారు అన్నట్టు బళ్లో పిల్లలకి చెప్పదగ్గ మాటలూ ఉన్నాయి. ఇన్నాళ్లూ పరదా చాటున విన్నప్పుడు, ఇంతమంది ఒక్క పుస్తకం గురించి ఇన్ని రకాలుగా ఎలా మాట్లాడతారా అనుకునేది. ఇప్పుడు తనదీ ఒకటి తయారైంది. ఎవరిదానితోనూ కలవలేదు. అది తెలిసి, డబ్బాల మీద కూర్చున్న మనిషికి చాలా రోజుల తర్వాత ఆకలేసింది.

పుస్తకం మీద చివరి చర్చ ఆ శనివారమే. పాస్టరు గారు, అందరూ అయ్యగారు అని పిలిచే ఆయన, స్వయంగా వచ్చాడు. సూదక్క టీ ముందే కాచి ఫ్లాస్కులో పోసింది. బిస్కట్లూ కప్పులూ బల్ల మీద పెట్టేసింది. వంటింట్లోంచి స్టూలు తెచ్చుకుని టైలరమ్మ పక్కన కూర్చుంది. వాళ్లాయన కనుబొమలు ఎగరేశాడు. "లోపల పనేమైనా..."

"ఏమీ లేదండీ. అంతా ఇక్కడే ఉంది."

ప్రార్థన అయ్యాక అయ్యగారు ఆమె వైపు తిరిగాడు. "సహోదరీ, పత్రికలో వచ్చిన మీ సాక్ష్యం పక్క సంఘాలకి కూడా పంపుతున్నాం. ఈ తరం ఆడపిల్లలు వినాలి."

"పంపకండి అయ్యగారూ. అది నేను చెప్పింది కాదు."

హాల్లో కప్పులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"ఏమోయ్, ఇప్పుడు ఇది..." అన్నాడు వాళ్లాయన.

"నన్ను పూర్తి చెయ్యనీయండి. అది అచ్చయ్యేనాటికి నేను ఈ పుస్తకం ఒక్క పేజీ కూడా చదవలేదు. చదవడానికి తీరికే ఇవ్వలేదు ఎవరూ. ఆ ఉద్యోగం నేను వదులుకోలేదు, నాకు కావాలి. అచ్చులో ఆ ముక్క చూసి డాక్టరు గారు ఇంకొకరికి ఇచ్చేశారు. ఇప్పుడు చదివాను పుస్తకం. కొంత నచ్చింది, కొంత నచ్చలేదు. నేను ఎందుకు పుట్టానో నాకైతే ఇంకా తెలియదు. తెలిసినరోజు నేనే చెబుతాను. నా బదులు ఎవరూ చెప్పొద్దు."

హెడ్మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఇంటి విషయాలు ఇంట్లో మాట్లాడుకుంటే..."

"ఇంట్లోనే ఉన్నాం కదా మాస్టారూ" అంది టైలరమ్మ. "మరి నాది? సగం అన్నాను నేను. ఆ సగం ఎక్కడికి పోయింది?"

"నాదైతే మొత్తమే పోయింది" అన్నాడు ఇంజనీరు.

అప్పుడు మూలనుంచి అత్తగారు మాట్లాడింది. "కోడలు నలుగురిలో అలా అనడం తప్పే. మొగుడి పరువు తీసింది." కొడుకు మొహం కాస్త వెలిగింది. "కానీ ఒరేయ్, ఆ చేతికర్ర మాట నేనూ అనలేదురా. నువ్వు చదువుతుంటే నాకు నిద్రొచ్చేస్తుంది. అంత మంచి పుస్తకానికి నిద్రపోతున్నానే అని ఎంత కుమిలిపోయానో నీకేం తెలుసు."

ఎవరూ నవ్వలేదు. నవ్వాలో లేదో తెలియలేదు. ఆయన పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఇన్నేళ్లలో ఆయన ఏమీ దిద్దకుండా కూర్చోవడం ఆమె అదే మొదటిసారి చూడటం. జాలి వేసింది. ఆ జాలితో లేచి వెళ్లి ఏదో ఒకటి సర్దేయబోయి, బలవంతాన స్టూలు మీదే ఉండిపోయింది.

అయ్యగారు వచ్చే సంచికలో సవరణ వేస్తానన్నాడు. చిన్న అక్షరాలతో, చివరి పేజీలో వేశాడు కూడా. డాక్టరు గారు అది చూసి, "పోన్లెండమ్మా, అయిందేదో అయింది" అన్నాడు. ఇంట్లో ఆయన కొన్నాళ్లు అవసరమైన మాటలే మాట్లాడాడు. ఒకరోజు పడుకోబోతూ, "నిన్ను గొప్పగా చూపిద్దామనే రాశాను" అన్నాడు. అబద్ధం కాదు. ఆమె కాసేపు ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూసింది. "నన్నే చూపించాల్సింది" అంది.

చర్చ జరిగిన సాయంత్రమే, వెళ్తూ వెళ్తూ టైలరమ్మ గుమ్మంలో ఆగి ఒక మాట చెవిన వేసింది. "వదినా, నదికి అవతలున్న పెద్దాసుపత్రి నర్సులంతా నా దగ్గరే బట్టలు కుట్టించుకుంటారు. అక్కడి ల్యాబులో పొద్దున షిఫ్టుకి ఇన్‌చార్జి లేరంట. ఉన్నావిడ మానేసింది. వెళ్లి ఒక మాట అడుగు, పోయేదేముంది?"

సవరణ వచ్చిన వారం సూదక్క ల్యాబుకి సెలవు పెట్టి బస్సెక్కింది. ఇంట్లో చెప్పలేదు. దాచాలనీ అనుకోలేదు. ఎవరూ అడగలేదు, చెప్పలేదు, అంతే.

ఆసుపత్రి ల్యాబు పెద్దది. మందుల వాసన, కిటికీ పక్కన గిరగిర తిరుగుతున్న యంత్రాలు, బయట బెంచీల మీద చొక్కా చేతులు పైకి మడుచుకుని కూర్చున్న జనం. ల్యాబు పెద్ద ఒక నెరిసిన జుట్టావిడ. మాటలతో కాలక్షేపం చెయ్యలేదు. ఎముకలు తేలిన ఒక ముసలాయన్ని చూపించి, "ఈయన నరం ఎవరికీ దొరకట్లేదు" అంది. సూదక్క ఆయన చెయ్యి తన అరచేతిలో పెట్టుకుని వెచ్చబడేదాకా ఆగింది. కాస్త కిందికి వేలాడదీయించింది. వేళ్లతో తడిమింది. ఎరుపు సన్నగా గొట్టంలోకి పాకింది. "అయిపోయిందా?" అన్నాడు ముసలాయన.

నెరిసిన జుట్టావిడ జీతం చెప్పింది, వేళలు చెప్పింది, సెలవులు చెప్పింది. కాగితం మీద ఏదో రాసుకుంటూ, అందరినీ అడిగినట్టే మామూలుగా అడిగింది.

"పొద్దున్నే రావాలి మరి. ఇంట్లోవాళ్లని కనుక్కుని రేపు చెబుతారా?"

కిటికీ అవతల బెంచీ మీద ఇంకో పేరు పిలిచారు. ఎవరో లేచారు.

"అక్కర్లేదండీ" అంది సూదక్క. "ఎప్పటినుంచి రమ్మంటారు?"